రాజుగారి బొమ్మకు పెట్టిన ముఖం

నా చేతిరాత బాగుండదు. క్షమించాలి. ఊరి పాదిరీ గారి దగ్గర మూడు చలికాలాలు చదువుకున్నాను, అదీ పశువులు కొట్టంలో ఉన్న నెలల్లోనే. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి. చెయ్యి వణకడం మాత్రం చదువు తప్పు కాదు, సున్నం తప్పు.

లువార్ నది ఒడ్డున, పాత కోట కింద సున్నపు బట్టీల వీధిలో కాపురమున్న బ్లేజ్ కోర్మియే అను నేను, వయసు డెబ్బై నాలుగో డెబ్బై ఐదో, వృత్తి సున్నపు పని, మైనపు పని. మతి చెడకుండా, తాగకుండా, ఎవరూ పక్కన నిలబడి చెప్పకుండా, పగటి వెలుతురులో కూర్చుని నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాసుకున్నాను. ఇంతకు ముందు ఇంకొకటి రాయలేదు. ఎవరైనా చూపిస్తే అది దొంగది.

దీన్ని నా తదనంతరం అమలు జరపవలసిన మనిషి మతురాన్. రాజుగారి చిత్రకారులకు నలభై ఏళ్ళు రంగులు నూరినవాడు, నాకున్న ఒక్క స్నేహితుడు. అడిగితే, "ఒరేయ్, నీకంటే నేను రెండేళ్ళు పెద్ద. నేనే ముందు పోతే నీ గిన్నెలు ఎవడు పంచుతాడ్రా?" అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

ముద్ర వేయకముందే ఈ కాగితాన్ని మా అన్న తిబో కూతురు పెరెట్‌కు పంపుతున్నాను. ఆమె మఠంలో బట్టలుతికే పనిలో ఉంది. అక్కడి అమ్మగార్లు ఆమెకు చదవడం నేర్పారు. ఇది ఆమె ఒక్కతే చదవాలి. ఎవరితోనూ చదివించుకోకూడదు.

ఒకటి. నా శరీరం గురించి. పేటికలో పెట్టేటప్పుడు నా ముఖం మీద ఏదీ కప్పవద్దు. గుడ్డ కూడా వద్దు. కొవ్వొత్తులు తల దగ్గర కాక కాళ్ళ దగ్గర వెలిగించండి. పాతిపెట్టి వచ్చాక చేసే భోజనంలో పోయినవాడి పేరున ఒక కుర్చీ ఖాళీగా ఉంచి ముందు గిన్నె పెట్టడం మన వీధిలో అలవాటు. నాకు పెట్టవద్దు. ఆ కుర్చీలో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళెవరైనా కూర్చోండి.

రెండు. రెండు గదుల ఇల్లు, వెనక పదకొండు వరసల ద్రాక్షతోట పెరెట్‌కు సర్వహక్కులతో చెందుతాయి. ఆమె అనుభవించవచ్చు, అమ్ముకోవచ్చు, ఎవరూ అడ్డుపడకూడదు. చివరి వరస పళ్ళు పులుపు. అది నేల గుణం. పక్కింటావిడ కోళ్ళు తోటలోకి వస్తే తరమవద్దు. చాలా ఏళ్ళుగా నాతో రోజూ మాట్లాడిన ప్రాణులు అవే.

మూడు. నా తాపీలు, మైనం కరిగించే రాగి గిన్నె, మైనం దిద్దే ఎముక పుల్లలు పనివాళ్ళ సంఘానికి. గిన్నె అడుగున ఒక చిన్న చిల్లుంది. ముందే చెబుతున్నాను.

నాలుగు. పెట్టెలో నీలం ముఖమల్ టోపీ ఒకటి ఉంది. పురుగు కొట్టింది. అది పెరెట్‌కు.

అమ్మాయ్, ఆ టోపీ రాజుగారిది. ఇప్పటి రాజుగారిది కాదు, ఆయన తాతగారిది. దొంగిలించింది కాదు. ఆయన సంగతి నీకు తెలుసు, అందరికీ తెలుసు. కొండల అవతల దేశానికి మూడుసార్లు యుద్ధానికి వెళ్ళి, ఊళ్ళు గెలవలేక బండ్ల నిండా బొమ్మలూ బొమ్మలు చేసేవాళ్ళనూ తెచ్చుకున్నాడని పనివాళ్ళం నవ్వుకునేవాళ్ళం. కానీ ఆయన పొద్దున్నే, కొలువువాళ్ళు నిద్ర లేవకముందు, ఒక్కడే మేం పనిచేసే పొడుగాటి వసారాలోకి వచ్చేవాడు. పరంజా ఎక్కేవాడు. పలకల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూసేవాడు. తడి ప్లాస్టర్ మీద బొటనవేలు నొక్కి, పిల్లవాడిలా, "ఇది నేను చేశాను, చెరపకండి," అనేవాడు. చెరపలేదు. ఎడమ వైపు మూడో కిటికీ మీద, ప్లాస్టర్ మేకపిల్ల బొమ్మ కడుపు కింద, ఆ వేలిముద్ర ఇప్పటికీ ఉంది. అలాంటి మనిషిని నేను ద్వేషించలేకపోయాను. ఎంతో ప్రయత్నించాను.

మీ నాన్న అచ్చం ఆయనలా ఉండేవాడు. అదే పొడుగు, అదే ముక్కు, అదే గడ్డం. పరంజా మీద అందరూ, "రాజా వారూ, సున్నం బొక్కెన అందుకోండి," అని ఏడిపించేవాళ్ళు. అన్న కూడా తక్కువవాడు కాదు. "అలాగే మంత్రీ, ముందు నీ ముక్కు తుడుచుకో," అనేవాడు. ఒకరోజు రాజుగారి చెవిన పడింది. అన్నను కిందికి దిగమని, పక్కన నిలబడి, తన టోపీ తీసి అన్న నెత్తిన పెట్టాడు. "నువ్వు వెళ్ళి నా కుర్చీలో కూర్చో. నేనిక్కడ సున్నం పూస్తాను. సాయంత్రానికి ఎవర్ని ఎక్కువమంది తిడతారో చూద్దాం," అన్నాడు. అన్న సిగ్గుపడకుండా, "దొరా, మీరు పూస్తే మేస్త్రి తిడతాడు. నేను ఏలితే ఎవరూ తిట్టరు, తేడా తెలీదు కదా," అన్నాడు. రాజుగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి టోపీ అన్నకే వదిలేసి వెళ్ళాడు.

ఐదు. గోడకు వేలాడుతున్న మోకు ముక్క, సుమారు జానెడున్నర, మన వీధిలోనే ఉంటున్న, ఒకప్పుడు కోట పనికి సామాన్లు ఇచ్చే అధికారి ఆబ్రీకి చెందుతుంది. అతను బతికుంటే చేతిలో పెట్టండి. పోయి ఉంటే పొయ్యిలో పడేయండి, అతని పిల్లలకు ఇవ్వవద్దు.

ఆ చలికాలం పొరుగు దేశపు రాజు మన రాజుగారి వసారా చూడడానికి వస్తున్నాడని పని తరిమి తరిమి చేయించారు. తడి ఆరక కుంపట్లు పెట్టి ఆరబెట్టాం. పరంజా మోకులు పాతబడ్డాయని అన్న ఆబ్రీని అడిగాడు. ఆబ్రీ, "కొత్త మోకులన్నీ రోము నుంచి వచ్చిన చలువరాతి బొమ్మలు పైకి లాగడానికి పోయాయి. ఆ బొమ్మ ఒకటి విరిగితే నీ ప్రాణం నా ప్రాణం కలిపినా చాలవు. నీకేం, పిల్లిలా దిగుతావు," అన్నాడు. నాలుగో రోజు మోకు తెగింది. నేను అవతలి కొసన ఉన్నాను. శబ్దం విన్నాను. చూడలేదు.

మర్నాడు పొద్దున రాజుగారు వచ్చి పైకి చూశాడు. అన్న చేస్తున్న ప్లాస్టర్ పూలదండలో ఒక పువ్వు సగంలో ఆగిపోయి ఉంది. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "ఆ పువ్వు ఎవరు పూర్తి చేస్తారు?" అని అడిగాడు. పడినవాడు ఎవరని అడగలేదు. అందరూ నా వంక చూశారు. నేనే ఎక్కి పూర్తి చేశాను. అన్నను అప్పటికింకా పాతిపెట్టలేదు.

ఆబ్రీ మీద నాకున్న కోపంలో సగం ఈ కాగితంతో వదిలేస్తున్నాను. మిగతా సగం నా మీద నాకున్నది, అది వదలదు.

ఆరు. చనిపోయిన రాజుగారి ఆత్మ కోసం ఏటా ఒక పూజ చేయించాలి. దానికి ద్రాక్షతోట మొదటి వరస పంట సరిపోతుంది. పూజ ఎందుకని పాదిరీ గారు అడిగితే, బ్లేజ్ ఆ రాజుగారి గడ్డం పీకాడని చెప్పండి. ఎవరూ నమ్మరు.

కానీ అది నిజం. అన్న పోయిన పదకొండో ఏడు, ఫిబ్రవరిలో, రాజుగారు పోయారు. రాజు పోతే ఆయన రూపంలో బొమ్మ చేసి జనానికి చూపడం ఆచారం కాబట్టి, దానికోసం ముఖానికీ చేతులకూ అచ్చు తీయడానికి నన్ను పిలిచారు. ఈ పనిలో అందరికంటే పెద్దవాడు బార్తొలో మేస్త్రి, కొండల అవతలి నుంచి వచ్చినాయన. కానీ ఆయన జ్వరంతో పడి ఉన్నాడు. గదిలో నిప్పు లేదు, శవం కోసం ఆర్పేశారు. ప్లాస్టర్ వేసే ముందు కనుబొమలకూ గడ్డానికీ పందికొవ్వు పట్టించాలి, వెంట్రుక వెంట్రుకకూ. కొవ్వు చలికి గడ్డకట్టి ఉంది. దాన్ని ముందు చేతుల్లో వెచ్చబెట్టుకోవాలి. మా పనిలో చేరినవాడు మొదటి వారం నేర్చుకునేది అదే. నా చేతులూ చల్లగానే ఉన్నాయి. ఉండలు ఉండలుగా పూసేశాను. రాజుగారి ముఖాన్ని ఎక్కువసేపు తాకడానికి భయం వేసింది, సిగ్గు వేసింది.

లాగితే అచ్చు మూడు ముక్కలైంది. గడ్డంలో సగం దాంతో వచ్చేసింది. ముక్కు అచ్చు పొడైపోయింది. తలుపు బయట నుంచి రాజుగారి గదులు చూసుకునే అధికారి, "అయిందా?" అన్నాడు. "అయింది," అన్నాను. నా జన్మలో అంత త్వరగా జవాబు ఎవరికీ చెప్పలేదు. చేతులకు అచ్చు సరిగ్గా తీశాను. ముక్కలు సంచిలో వేసుకున్నాను. శవానికి మందులు పూసేవాళ్ళు వెంటనే లోపలికి వచ్చారు. ఇంకోసారి తీసే వీలు లేకపోయింది. మైనపు ముఖం మూడో రోజుకు కావాలన్నారు.

ఇంటికి వచ్చాను. అలమరలో ఇంకో అచ్చు ఉంది.

ఏడు. ఆ అచ్చు గురించి.

పెరెట్, అది మీ నాన్నది. ప్రాణం ఉండగా తీసింది. నువ్వు పుట్టిన ఏడాది. నేను ముఖాల పని కొత్తగా నేర్చుకుంటూ, ఎవరూ ముఖం ఇవ్వకపోతే, అన్న వంటింటి బల్ల మీద పడుకుని, "నాది తీసుకోరా. వాడుకుని తిరిగి ఇచ్చేయ్," అన్నాడు. ముక్కులో రెండు గోధుమ గడ్డి గొట్టాలు పెట్టి ప్లాస్టర్ పోశాను. "అన్నా, కదలకు, ఇంకాసేపే," అంటున్నాను. మీ అమ్మ ఇజాబో నిన్ను చంకనేసుకుని లోపలికి వచ్చింది. చూసి, "అబ్బ, పెళ్ళయ్యాక ఈయన నోరు మూసుకోవడం ఇదే చూడ్డం. మరిదీ, ఇంకో పూట అలాగే ఉంచు, నీకు పుణ్యముంటుంది," అంది. ప్లాస్టర్ కింద అన్నకు నవ్వు వచ్చింది. నవ్వకూడదని బిగబట్టాడు. అందుకే ఆ అచ్చులో పెదవి ఎడమ కొస కొంచెం పైకి ఉంటుంది.

ఆ అచ్చులో మైనం పోశాను. కళ్ళు కత్తితో తెరిచి రాజుగారి కళ్ళ రంగు వేశాను. ఊడి వచ్చిన రాజుగారి గడ్డాన్నే కడిగి అతికించాను. చేతులు రాజుగారివి. గడ్డం రాజుగారిది. ముఖం మా అన్నది. భయంతో చేశానో కసితో చేశానో ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. జవాబు రోజుకొకటి వస్తోంది.

తర్వాత జరిగింది నువ్వూ కొంత చూశావు. శవాన్ని లోపల ఉంచి, బొమ్మను కిరీటంతో పెద్ద మంచం మీద కూర్చోబెట్టి, బతికున్న రాజుకు పెట్టినట్టే పదకొండు రోజులు రెండు పూటలా భోజనం పెట్టారు. చేతులకు నీళ్ళు, తువ్వాలు, రొట్టె కోసేవాడు, మద్యం రుచి చూసేవాడు, అందరూ ఉన్నారు. కొవ్వొత్తుల వేడికి మైనం జారకుండా చూడడానికి నన్ను తెర వెనక, బొమ్మ తల దగ్గర కూర్చోబెట్టారు. గుమ్మంలో ఒకడు, "రాజుగారికి వడ్డన!" అని కేకవేసేవాడు. ఆ కేకకు పెద్ద పెద్ద దొరలు వంగి నిలబడేవాళ్ళు. మా అన్న పోయాక మీ ఇంట్లో ఏం తిన్నారో నాకు తెలుసు. నేను తెచ్చిన కొద్దిపాటి తిండి కూడా మీ అమ్మ నీకే పెట్టేది.

నాలుగో రోజు ఒక కంటి కింద మైనం కరిగి చుక్క జారింది. ఆడవాళ్ళు, "అయ్యో, రాజుగారు ఏడుస్తున్నారే!" అని గుండెలు బాదుకున్నారు. నేను వెచ్చటి పుల్లతో తుడుస్తూ, నోటికి అదే మాట వచ్చింది: "అన్నా, కదలకు, ఇంకాసేపే." పక్కనున్న కావలివాడు ప్రార్థన అనుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు. బిషప్ గారు, "చూడండి, ఆయన నవ్వుతూ దేవుణ్ణి చేరాడు," అని జనానికి చెప్పారు.

ఏడో రోజు ఊరి జనాన్ని వరసలో వదిలారు. మీ అమ్మ వచ్చింది. నువ్వు ఆమె కొంగు పట్టుకుని ఉన్నావు. పదమూడేళ్ళు నీకు. నువ్వు బొమ్మ వంక చూడలేదు, బల్ల మీద రొట్టె వంక చూశావు. మీ అమ్మ చూసింది. ఆగిపోయింది. కావలివాడు, "నడువమ్మా, నడువు, నీ ఒక్కదాని రాజా?" అని భుజం మీద తోశాడు. తెర సందులోంచి నన్నూ చూసింది. ఆ సాయంత్రం మీ ఇంటికి వస్తే, పొయ్యి వైపు తిరిగి, "రాజుగారికి భోజనం బాగా జరుగుతోంది," అంది. ఆ మాట తర్వాత పంతొమ్మిదేళ్ళు మీ అమ్మ నాతో మాట్లాడలేదు.

నువ్వు ఎన్నిసార్లు అడిగావు, "బాబాయ్, అమ్మకూ నీకూ ఏమైంది? పొలమా? పాత్రలా?" అని. నేను తల దించుకునేవాణ్ణి. ఇదీ ఏమైంది.

బార్తొలో మేస్త్రి జ్వరం తగ్గి వచ్చాడు. సమాధి మీది చలువరాతి బొమ్మకు ఆ మైనపు ముఖాన్నే నమూనాగా పెట్టారు. ఆయన దాన్ని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్నతో ఆరేళ్ళు పనిచేసినవాడు. తన వచ్చీరాని భాషలో, "తిబోకి చెడ్డ మోకు ఇచ్చారు. మంచి రాయి నేను ఇస్తాను. నువ్వు మాట్లాడకు," అన్నాడు. నాకు మాట్లాడకపోవడం కష్టం కాదు. ఆయన చెక్కాడు. పెదవి కొసతో సహా చెక్కాడు. ఆయనా పోయాడు. ఇప్పుడు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అమ్మాయ్, నువ్వు ఉతికిన గుడ్డలు పరిచే ఆ మఠం గుడిలో, కుడి పక్క సమాధి మీద పడుకుని ఉన్నది మీ నాన్న. నీకు ఆ మఠంలో పని దొరకడానికి నేను పెద్దమ్మగారి కాళ్ళు పట్టుకున్నది అందుకే. జీతం ఎక్కువని నీతో చెప్పాను. అబద్ధం.

మీ అమ్మ చివరి రోజున నన్ను పిలిపించింది. నువ్వు వైద్యుడి కోసం వెళ్ళావు. "మరిదీ, ఆ పదకొండు రోజుల్లో ఆయనకిష్టమైంది ఒక్కటైనా పెట్టారా?" అంది. "పెట్టారు వదినా. శుక్రవారం మలుగు చేప పులుసు." "ఉల్లిపాయలు వేశారా?" "వేశారు." కళ్ళు మూసుకుంది. వేశారో లేదో నేను చూడలేదు. ఆ గిన్నె వంక చూసే ధైర్యం నాకు లేకపోయింది. అప్పటినుంచి నేను బల్ల దగ్గర కూర్చుని తినలేదు. పొయ్యి దగ్గర నిలబడి తింటాను. ఎదురు కుర్చీలో ఎవరో చెయ్యి కడుక్కోవడానికి ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. చేతులు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి మా అన్నవి కావు.

ఇప్పుడు అసలు మాట. అచ్చు ఇంకా నా దగ్గరే ఉంది, మంచం కింద, ఊకలో. సమాధి బొమ్మ పక్కన పెడితే గుడ్డివాడు కూడా తడిమి పోల్చగలడు. ఎవరి కంటైనా పడితే సమాధి మీది ముఖాన్ని ఉలితో కొట్టేస్తారు, రాజద్రోహమంటారు, నీకూ నీ పిల్లలకూ మంచిది కాదు. పగలగొడితే ఏ భయమూ లేదు. కానీ ఆ రాయి అప్పుడు ఎప్పటికీ రాజుగారే. ఆ ముఖం తిబో కోర్మియేది అని చెప్పే వస్తువు లోకంలో ఇంకేదీ ఉండదు. నీకు రెండేళ్ళప్పుడు పోయాడు, నీకు ఆ ముఖం గుర్తు లేదు.

కాబట్టి ఏడో అంశంలో అచ్చు ఎవరికి, ఏం చేయాలి అన్నచోట ఖాళీ వదిలాను. మతురాన్‌కు, "ఆ చోట ఏమి రాసి ఉంటే అది చెయ్యి, ఎందుకని అడగకు," అని చెప్పాను. "ఎప్పుడైనా అడిగానా?" అన్నాడు. నిజమే, అడగలేదు. వాడుకుని తిరిగి ఇచ్చేయమన్న ముఖాన్ని ఎవరినీ అడగకుండా రాజుగారికి ఇచ్చేశాను. రెండోసారి అడగకుండా ఏమీ చేయను.

ముందు గుడిలోకి వెళ్ళు. పొద్దున జనం రాకముందు వెళ్ళు. కావలివాడు ఏమైనా అంటే గుడ్డ మార్చడానికి వచ్చానని చెప్పు. దగ్గరగా నిలబడి ఎడమ పెదవి కొస చూడు. అది మీ అమ్మ చేసింది. నేనూ కాదు, బార్తొలో మేస్త్రీ కాదు. ఆ తర్వాత నీకు ఏమనిపిస్తే అది. ఈ సంగతులున్న పుటలు పొయ్యిలో వేసి మిగతావి పంపు, నీ మాట ప్రకారం ఏడో అంశం నేను తిరగరాస్తాను.

ఇది నేను స్వయంగా రాసి, చదువుకుని, సరేననుకుని చేసిన సంతకం. ఇప్పటి రాజుగారు గద్దెనెక్కిన నాలుగో సంవత్సరం, అక్టోబరు పద్దెనిమిది, మా పనివాళ్ళ పునీతుడు లూకా పండుగ రోజు.

బ్లేజ్ కోర్మియే

సాక్షులు, లోపలి రాత చదవకుండా, మడిచిన కాగితం మీద:
మతురాన్ ల్వాజెల్, రంగులు నూరేవాడు
పెర్నెల్ బొద్రీ, పక్కింటావిడ, కోళ్ళు ఈవిడవే. చదువు రాదు, గుర్తు వేసింది

పెరెట్, రాయడం కష్టమైతే ఒక్క మాట చాలు: ఉంచు, లేదా పగలగొట్టు. మంగళవారం ఉప్పు పడవ పైకి వస్తుంది, పడవవాడి చేతికివ్వు. పాదాల వాపు మోకాళ్ళదాకా వచ్చింది. తొందరగా జవాబు రాయి, తల్లీ.